రెండు పోచలు, ఒకే దిశ: కణవిభజనకు ముందు డీఎన్ఏ ప్రతికృతి

సభాధ్యక్షులకు, ఆచార్యులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం. ఈనాటి ప్రసంగానికి నేను ఎంచుకున్న విషయం మీలో చాలామందికి పాఠ్యపుస్తకాల ద్వారా పరిచయమైనదే. కణం రెండుగా విడిపోయే ముందు తనలోని డీఎన్ఏకు మరో ప్రతిని తయారు చేసుకుంటుంది; దీనినే ప్రతికృతి అంటాము. ఈ వాక్యం వినగానే విషయమంతా తెలిసిపోయినట్లు అనిపిస్తుంది. కాని ఆ ప్రతి ఎలా తయారవుతుంది, ఆ విధంగానే ఎందుకు తయారవుతుంది అని అడిగి చూడండి. మొదటి ప్రశ్నకు సమాధానం వెతకడానికే ఎందరో శాస్త్రవేత్తలకు కొన్ని దశాబ్దాలు పట్టింది. నేను ఈ రోజు ముఖ్యంగా రెండవ ప్రశ్న గురించి, అంటే ‘ఎందుకు’ అనే ప్రశ్న గురించి మాట్లాడదలచుకున్నాను.

ముందుగా ఈ పని ఎంత పెద్దదో గమనించండి. మన శరీరంలోని ఒక సాధారణ కణం కేంద్రకంలో 46 క్రోమోజోములు ఉంటాయి. వాటన్నిటిలోని డీఎన్ఏను చాపి వరుసగా కలిపితే పొడవు దాదాపు రెండు మీటర్లు. అందులో సుమారు 640 కోట్ల క్షార జతలు, అంటే డీఎన్ఏ అక్షరాల జతలు, ఉంటాయి. ఆ మొత్తానికీ ప్రతి తయారు కావడానికి కణానికి పట్టే సమయం ఎనిమిది గంటలకు అటూ ఇటూ. అంత వేగంతో చేస్తూ కూడా, పని పూర్తయ్యేసరికి మిగిలే తప్పులు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్ని మాత్రమే. వేగం ఆశ్చర్యపరుస్తుంది, నిజమే. నన్ను అంతకంటే ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఆ నిర్దుష్టత. ఈ ప్రక్రియలో మనకు వింతగా, అనవసరంగా, చుట్టుదారిగా కనిపించే అంశాలలో అధికభాగం ఆ నిర్దుష్టత కోసం కణం చెల్లిస్తున్న మూల్యమే. ఈ మాటను గుర్తుంచుకోండి. మళ్లీ మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

డీఎన్ఏ నిర్మాణం గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. రెండు పొడవైన పోచలు ఒకదానినొకటి చుట్టుకొని ఉంటాయి. ఒక పోచలో అడినిన్ అనే క్షారం ఉన్నచోట రెండవ పోచలో థైమిన్ ఉంటుంది. గ్వానిన్ ఉన్నచోట సైటోసిన్ ఉంటుంది. రోజలిండ్ ఫ్రాంక్లిన్, మారిస్ విల్కిన్స్‌ల ఎక్స్-కిరణ పరిశోధనల ఆధారంతో జేమ్స్ వాట్సన్, ఫ్రాన్సిస్ క్రిక్ 1953లో ఈ నిర్మాణాన్ని ప్రకటించారు. ఒక పోచ తెలిస్తే రెండవది ఎలా ఉండాలో తెలిసిపోతుంది కనుక, జన్యు పదార్థం తన ప్రతిని తాను తయారు చేసుకునే మార్గం ఈ జతకట్టడంలోనే కనబడుతోందని వారు ఆ వ్యాసం చివర ఒక చిన్న వాక్యంలో సూచించారు. రెండు పోచలు విడిపోతాయి, ప్రతి పోచా ఒక కొత్త పోచకు మూసగా నిలుస్తుంది. సూత్రం ఇంతే.

సూత్రం ఇంత అందంగా ఉంది కదా, అందరూ వెంటనే ఒప్పుకొని ఉంటారని మీరు అనుకోవచ్చు. ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడానికి మంచి కారణమే ఉంది. లక్షల చుట్లు తిరిగి పెనవేసుకున్న రెండు పోచలను చిక్కుపడకుండా విడదీయడం సాధ్యమేనా అని మాక్స్ డెల్‌బ్రుక్ అనే శాస్త్రవేత్త సందేహం వ్యక్తం చేశారు. పోచలు మధ్యమధ్యలో తెగి, పాత ముక్కలూ కొత్త ముక్కలూ కలగలిసిపోతాయేమోనని ఆయన ప్రతిపాదించారు. దానితో మూడు అవకాశాలు చర్చకు వచ్చాయి. పాత డీఎన్ఏ రెండు పోచలూ చెక్కుచెదరకుండా ఒక పక్కన ఉండిపోయి, పూర్తిగా కొత్త డీఎన్ఏ మరో పక్కన ఏర్పడవచ్చు. లేదా పాత పోచ ఒకటి, కొత్త పోచ ఒకటి కలిసి జతగా మారవచ్చు. లేదా డెల్‌బ్రుక్ చెప్పినట్లు ప్రతి పోచలోనూ పాతదీ కొత్తదీ ముక్కలుముక్కలుగా కలిసి ఉండవచ్చు. ఈ మూడింటిలో ఏది నిజం? ఎలా తేల్చాలి? పాత పోచకూ కొత్త పోచకూ రసాయనికంగా తేడా లేనప్పుడు వాటిని వేరుచేసి చూడడం ఎలా?

1958లో మాథ్యూ మెసెల్సన్, ఫ్రాంక్లిన్ స్టాల్ ప్రచురించిన ప్రయోగం ఈ ప్రశ్నకు సమాధానం. దీనిని కొంచెం తీరికగా చెబుతాను, ఎందుకంటే ఇది తర్కం ఎంత నిర్మలంగా ఉండగలదో చూపే ప్రయోగం. వారు ఈ. కోలై బ్యాక్టీరియాను సాధారణ నైట్రోజన్‌కు బదులుగా, బరువైన నైట్రోజన్-15 మాత్రమే ఉన్న పోషకంలో 14 తరాల పాటు పెంచారు. దాంతో ఆ బ్యాక్టీరియాలోని డీఎన్ఏ అంతా బరువైన డీఎన్ఏగా మారిపోయింది. తరువాత వాటిని ఒక్కసారిగా సాధారణ నైట్రోజన్-14 ఉన్న పోషకంలోకి మార్చారు. ఇక అక్కడి నుంచి తయారయ్యే ప్రతి కొత్త పోచా తేలికైనదే అవుతుంది. తరం తరానికీ కొంత డీఎన్ఏను తీసి, సీసియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచి, సెంట్రిఫ్యూజ్‌లో నిమిషానికి దాదాపు 45 వేల భ్రమణాల వేగంతో సుమారు 20 గంటలు తిప్పారు. ఆ తాకిడికి ద్రావణం పైభాగం పలుచగా, అడుగుభాగం సాంద్రంగా మారుతుంది. డీఎన్ఏ తన సాంద్రతకు సరిపోయే మట్టానికి చేరి అక్కడ ఒక పట్టీగా నిలుస్తుంది.

ఒక తరం గడిచాక ఏం కనిపించింది? ఒకే ఒక పట్టీ కనిపించింది. అది బరువైన దాని స్థానంలోనూ లేదు, తేలికైన దాని స్థానంలోనూ లేదు. సరిగ్గా మధ్యలో ఉంది. పాత డీఎన్ఏ చెక్కుచెదరకుండా మిగిలిపోతుందన్న ఊహ అక్కడితో తొలగిపోయింది, ఎందుకంటే అదే నిజమైతే పైన ఒకటి, కింద ఒకటి రెండు పట్టీలు కనిపించాలి. రెండవ తరం తరువాత సగం డీఎన్ఏ మధ్య స్థానంలో, సగం పూర్తిగా తేలికైన స్థానంలో కనిపించింది. ముక్కలు కలగలిసిపోతాయన్న ఊహ కూడా తొలగిపోయింది, ఎందుకంటే అప్పుడు అంతా ఒకే పట్టీగా ఉండి కొంచెం కొంచెం పైకి జరగాలి తప్ప రెండుగా విడిపోకూడదు. మిగిలింది ఒక్కటే. ప్రతి కొత్త డీఎన్ఏలోనూ ఒక పోచ పాతది, ఒక పోచ కొత్తది. దీనినే మనం అర్ధ సంరక్షక ప్రతికృతి అంటున్నాము.

సూత్రం రుజువైంది. మరి ఆ పని చేసేది ఎవరు? పోచలను అల్లే ఎంజైమును, అంటే ఆ రసాయన చర్యను నడిపే ప్రోటీనును, ఆర్థర్ కోర్న్‌బెర్గ్ 1956 నాటికే ఈ. కోలై బ్యాక్టీరియా నుంచి వేరుచేశారు. దాని పేరు డీఎన్ఏ పాలిమరేజ్. 1959లో ఆయనకు, డీఎన్ఏను పోలిన ఆర్‌ఎన్‌ఏ సంశ్లేషణపై పనిచేసిన సెవెరో ఒచోవాతో కలిపి నోబెల్ బహుమతి లభించింది. తరువాత 1969లో జాన్ కెయిర్న్స్, పౌలా డి లూసియా ఆ ఎంజైము దాదాపు లేని బ్యాక్టీరియాను కనుగొన్నారు. అది చక్కగా విభజన చెందుతూనే ఉంది. అంటే ప్రధానమైన పని చేసే ఎంజైము మరొకటి ఉండాలి. ఆ అన్వేషణలో పాలుపంచుకున్నవారిలో ఆర్థర్ కుమారుడు థామస్ కోర్న్‌బెర్గ్ ఒకరు కావడం విజ్ఞాన చరిత్రలో ఒక చక్కని ఘట్టం. అలా దొరికిన పాలిమరేజ్-3 బ్యాక్టీరియాలో ప్రతికృతిని నడిపించే ప్రధాన ఎంజైము.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరకు వస్తున్నాము. ఈ పాలిమరేజ్‌లను ఎన్నింటిని పరిశీలించినా, బ్యాక్టీరియాలో చూసినా, మనుషుల కణాలలో చూసినా, అన్నిటికీ రెండు పరిమితులు ఉన్నాయి. మొదటిది, ఇవి కొత్త పోచను శూన్యం నుంచి మొదలుపెట్టలేవు. అప్పటికే ఉన్న చిన్న ముక్కకు కొనసాగింపుగా మాత్రమే న్యూక్లియోటైడ్లను, అంటే ఒక్కొక్క క్షారం ఉన్న డీఎన్ఏ నిర్మాణ భాగాలను, చేర్చగలవు. రెండవది, ఇవి ఒకే దిశలో పనిచేస్తాయి. పోచకు రెండు చివరలు ఉంటాయి; ఒకదానిని 5 ప్రైమ్ చివర అని, మరొకదానిని 3 ప్రైమ్ చివర అని అంటాము. పాలిమరేజ్ ఎప్పుడూ 3 ప్రైమ్ చివరకే కొత్త న్యూక్లియోటైడ్‌ను చేరుస్తుంది. ఎప్పుడూ అని నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే రెండవ వైపు నుంచి పోచను పెంచుతూ ప్రతికృతిని నడిపే డీఎన్ఏ పాలిమరేజ్ ఏ జీవిలోనూ కనబడలేదు.

ఇందులో చిక్కు ఏముంది? డీఎన్ఏలోని రెండు పోచలు ఎదురెదురు దిశలలో ఉంటాయి. ఒకటి ఇటు నుంచి అటు సాగితే, రెండవది అటు నుంచి ఇటు సాగుతుంది. పోచలు విడిపోతున్న చోట, అంటే ప్రతికృతి శాఖ దగ్గర, రెండు మూసలూ ఒకేసారి తెరుచుకుంటాయి. ఒక మూస మీద పాలిమరేజ్ శాఖ వెంటే హాయిగా సాగిపోగలదు. రెండవ మూస మీద అది సాగవలసిన దిశ శాఖ కదిలే దిశకు వ్యతిరేకం. పాలిమరేజ్ శాఖకు దూరంగా పోతుంటే, వెనుక కొత్తగా తెరుచుకున్న భాగం ఖాళీగా మిగిలిపోతుంది. ఆ ఖాళీని ఎవరు పూరించాలి?

దీనికి సమాధానం జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయంలో పనిచేసిన రెయిజి ఒకజాకి, త్సునెకో ఒకజాకి దంపతులు కనుగొన్నారు. విభజన చెందుతున్న బ్యాక్టీరియాకు, డీఎన్ఏలో చేరే రేడియోధార్మిక థైమిడిన్‌ను కొన్ని సెకన్ల పాటు మాత్రమే అందించి, వెంటనే డీఎన్ఏను వేరుచేసి చూస్తే, అప్పుడే తయారైన డీఎన్ఏలో చాలా భాగం వేయి నుంచి రెండు వేల న్యూక్లియోటైడ్ల పొడవు గల చిన్న ముక్కలుగా కనిపించింది. కాసేపు ఆగి చూస్తే ఆ ముక్కలు పొడవైన పోచలో కలిసిపోయి ఉన్నాయి. అంటే రెండవ మూస మీద పోచ ముక్కలుముక్కలుగా తయారవుతోంది. శాఖ కొంత తెరుచుకోగానే ఒక ముక్క వెనుకకు అల్లబడుతుంది, మరికొంత తెరుచుకోగానే మరో ముక్క మొదలవుతుంది. 1968లో వెలువడిన ఈ పరిశోధనను పురస్కరించుకొని వాటిని ఒకజాకి ఖండాలు అంటున్నాము. మన కణాలలో ఇవి ఇంకా పొట్టివి, వంద నుంచి రెండు వందల న్యూక్లియోటైడ్లే. ఒక విషయం చెప్పకుండా ముందుకు వెళ్లలేను. రెయిజి ఒకజాకి హిరోషిమాలో పుట్టి పెరిగినవారు. 1945లో అణుబాంబు రేడియేషన్‌కు గురయ్యారు. 1975లో, 44 ఏళ్ల వయస్సులో, ల్యుకీమియా అనే రక్త క్యాన్సర్‌తో మరణించారు. త్సునెకో ఆ పరిశోధనను ఆపలేదు. ప్రతి ఖండం మొదట ఉండే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క స్వరూపాన్ని ఆమె బృందం విశదం చేసింది.

ఆ ఆర్‌ఎన్‌ఏ ముక్క పేరు ప్రైమర్. పాలిమరేజ్ తనంతట తాను మొదలుపెట్టలేదని చెప్పాను కదా. ప్రైమేజ్ అనే మరో ఎంజైము ఈ చిన్న ముక్కను వేసిపెడితే, దానికి కొనసాగింపుగా పాలిమరేజ్ పని సాగిస్తుంది. తరువాత ఆ ఆర్‌ఎన్‌ఏను తొలగించాలి, ఖాళీని డీఎన్ఏతో నింపాలి, లైగేజ్ అనే ఎంజైము ముక్కలను అతకాలి. మన కణంలో ఒక్క విభజనకు ఇటువంటి ఖండాలు కోట్ల సంఖ్యలో తయారవుతాయి. ప్రతి ఒక్కదానికీ ఈ తతంగమంతా జరగాలి.

ఇంత శ్రమ ఎందుకు? రెండవ దిశలో పనిచేసే పాలిమరేజ్ ఒకటి ఉంటే ఈ బాధ లేదు కదా? కోట్ల సంవత్సరాల పరిణామంలో అటువంటిది ఒక్కటైనా ఎందుకు నిలబడలేదు? నేను మొదట ప్రస్తావించిన ‘ఎందుకు’ ఇదే. దీనికి జీవరసాయన శాస్త్రం చెప్పే వివరణను నిదానంగా చూద్దాము.

పోచకు ఒక న్యూక్లియోటైడ్ చేరాలంటే శక్తి కావాలి. ఆ శక్తి ఎక్కడ ఉంది? కొత్తగా వచ్చే న్యూక్లియోటైడ్ తన 5 ప్రైమ్ వైపు మూడు ఫాస్ఫేట్లను వెంటబెట్టుకొని వస్తుంది. వాటిలో రెండు తెగిపోయేటప్పుడు విడుదలయ్యే శక్తితోనే బంధం ఏర్పడుతుంది. అంటే శక్తి వచ్చేదాని దగ్గర ఉంది. పెరుగుతున్న పోచ చివర లేదు. ఇప్పుడు పాలిమరేజ్ ఒక తప్పు చేసిందనుకోండి. అడినిన్‌కు ఎదురుగా థైమిన్ బదులు సైటోసిన్‌ను చేర్చింది. జత సరిగా కుదరలేదు. పాలిమరేజ్ అక్కడ ఆగి, ఒక అడుగు వెనుకకు వేసి, ఆ తప్పు న్యూక్లియోటైడ్‌ను కోసి పారేస్తుంది. పోచ చివర మామూలు 3 ప్రైమ్ హైడ్రాక్సిల్, అంటే తరువాతి న్యూక్లియోటైడ్ అతుక్కునే స్థానం, మిగులుతుంది. తరువాత వచ్చే న్యూక్లియోటైడ్ తన శక్తిని తానే తెచ్చుకుంటుంది కనుక పని యథాప్రకారం సాగిపోతుంది.

ఇక రెండవ దిశను ఊహించండి. అప్పుడు మూడు ఫాస్ఫేట్లు పెరుగుతున్న పోచ చివరనే ఉండవలసి వస్తుంది. చివరి న్యూక్లియోటైడ్ తప్పని తేలి దానిని కోసివేస్తే, దానితో పాటు ఆ ఫాస్ఫేట్లు కూడా పోతాయి. పోచ చివర శక్తిలేనిదై మిగులుతుంది. తరువాతి న్యూక్లియోటైడ్ వచ్చినా చేరలేదు. ఆ చివరకు మళ్లీ శక్తినివ్వడానికి మరో ఎంజైము, మరో చర్య కావాలి. లేకపోతే పని అక్కడే నిలిచిపోతుంది. మళ్లీ చెబుతున్నాను, విద్యార్థులు దీనిని జాగ్రత్తగా ఆలోచించండి. ఒకే దిశలో పనిచేయడం ఎంజైము అసమర్థత కాదు. తప్పును తొలగించిన తరువాత కూడా ముందుకు సాగగలగడం ఆ దిశలోనే సులభంగా సాధ్యం.

మొదటి పరిమితికి కూడా కారణం ఇదే. పాలిమరేజ్ కొత్త న్యూక్లియోటైడ్‌ను చేర్చే ముందు, అంతకు ముందున్న జత సరిగా కుదిరిందా లేదా అన్నదానిపై ఆధారపడుతుంది. అలా సరిచూసే ఎంజైము, ముందు ఏ జతా లేనిచోట పనిని ఎలా ప్రారంభిస్తుంది? ప్రారంభించలేదు. ప్రైమేజ్‌కు ఆ పట్టింపు లేదు కనుక ప్రారంభించగలదు, కాని దాని పనిలో తప్పులు ఎక్కువ. అందుకే ఆ భాగం ఆర్‌ఎన్‌ఏతో తయారవడం ఎంత ఉపకారమో చూడండి. ఇది తాత్కాలికమైన భాగమని, తొలగించవలసినదని తరువాత వచ్చే ఎంజైములు దాని రసాయనిక స్వరూపాన్ని బట్టే గుర్తిస్తాయి.

ఫలితం ఏమిటి? జత కుదరడం మీద మాత్రమే ఆధారపడితే పాలిమరేజ్ దాదాపు లక్ష న్యూక్లియోటైడ్లకు ఒక తప్పు చేస్తుంది. వెనుకకు తిరిగి కోసివేయడం వలన అది దాదాపు కోటికి ఒకటిగా తగ్గుతుంది. ఇంకా మిగిలిన తప్పులను వెతికి సరిచేసే వ్యవస్థ మరొకటి ఉంది. బ్యాక్టీరియాలో అది ఎలా పనిచేస్తుందో వివరించిన పాల్ మోడ్రిచ్‌కు 2015లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం లభించింది. ఆ వ్యవస్థ కూడా పనిచేశాక మిగిలేది వంద కోట్లకు ఒకటి, లేదా అంతకన్నా తక్కువ. ఆ వ్యవస్థకు చెందిన జన్యువు లోపభూయిష్టంగా సంక్రమించిన కుటుంబాలలో పెద్దపేగు క్యాన్సర్ చిన్న వయస్సులోనే వచ్చే ప్రమాదం చాలా ఎక్కువ. దానిని లించ్ సిండ్రోమ్ అంటారు. కణం ఈ నిర్దుష్టత కోసం ఎందుకింత శ్రమపడుతుందో ఆ కుటుంబాల చరిత్ర చెబుతుంది.

డెల్‌బ్రుక్ సందేహాన్ని మధ్యలో వదిలేశాను. దానికి సమాధానం చెప్పాలి. పురి పెట్టిన తాడు పాయలను ఒక చోట విడదీస్తూ పోతే ముందున్న పురి మరింత బిగుసుకుంటుందని మీకు తెలుసు. డీఎన్ఏలోనూ అంతే. హెలికేజ్ అనే ఎంజైము పోచలను విడదీస్తూ పోతుంటే ముందు భాగం బిగుసుకుపోతుంది. ఈ. కోలై డీఎన్ఏలో 46 లక్షల జతలు ఉన్నాయి. ఒకే చోట మొదలై రెండు వైపులా సాగే శాఖలు ఆ పనిని దాదాపు 40 నిమిషాలలో ముగిస్తాయి. లెక్కవేస్తే ఒక్కొక్క శాఖ వేగం సెకనుకు దాదాపు వేయి జతలు. పది పదిన్నర జతలకు ఒక చుట్టు చొప్పున, సెకనుకు సుమారు వంద చుట్లు విప్పాలి. దీనికి టోపోఐసోమరేజ్‌లు ఉన్నాయి. ఇవి పోచను తాత్కాలికంగా తెంచి, బిగువు సడలనిచ్చి, మళ్లీ అతికిస్తాయి. వీటిలో మొదటిదానిని జేమ్స్ వాంగ్ 1971లో ప్రకటించారు. మనం వాడే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి యాంటీబయాటిక్‌లు బ్యాక్టీరియాలోని ఇటువంటి ఎంజైములనే అడ్డుకుంటాయి. మరో వైపు నుంచి, అంటే ముడిసరుకు వైపు నుంచి కూడా ప్రతికృతిని ఆపవచ్చు. యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలోని బృందం రూపొందించిన అమినోప్టెరిన్, ఆ కోవకే చెందిన మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డుకొని థైమిన్ న్యూక్లియోటైడ్ సరఫరాను తెంచుతాయి. ఆగకుండా విభజన చెందే ల్యుకీమియా కణాలకు అది ప్రాణాంతకం. సిడ్నీ ఫార్బర్ 1948లో చిన్నపిల్లల ల్యుకీమియా తాత్కాలికంగా ఉపశమించిందని ప్రకటించింది అమినోప్టెరిన్‌తోనే.

మన కణాలలో శాఖ వేగం బ్యాక్టీరియాలో కంటే చాలా తక్కువ, సెకనుకు దాదాపు 50 జతలు. మన అతిపెద్ద క్రోమోజోములో సుమారు 25 కోట్ల జతలు ఉన్నాయి. ఒకే చోట మొదలుపెడితే ఆ ఒక్క క్రోమోజోముకే దాదాపు నెల రోజులు పడుతుంది. అందుకే మన కణంలో ప్రతికృతి వేలాది చోట్ల మొదలవుతుంది; ముప్ఫై వేల నుంచి యాభై వేల చోట్ల అని అంచనా. ఇక్కడ మరో ప్రమాదం ఉంది. ఇన్ని వేల చోట్లలో ఏ ఒక్కచోటా పని రెండుసార్లు మొదలుకాకూడదు. కణం దీనిని కాలవిభజనతో సాధిస్తుంది. ప్రతికృతికి ముందు దశలో హెలికేజ్‌లను ఆయా స్థానాలలో అమర్చుతుంది, కాని పని ప్రారంభించనివ్వదు. ప్రతికృతి దశలో పని ప్రారంభిస్తుంది, కాని కొత్తగా అమర్చనివ్వదు. ఈ రెండూ ఒకే సమయంలో జరగవు కనుక ఒక విభజనకు ఒక్క ప్రతి మాత్రమే తయారవుతుంది.

చివరగా, చివరల గురించి. ఈ. కోలై డీఎన్ఏ వలయం. దానికి చివరలు లేవు. మన క్రోమోజోములకు ఉన్నాయి. ముక్కలుముక్కలుగా తయారయ్యే పోచలో చిట్టచివరి ప్రైమర్‌ను తొలగించాక ఆ ఖాళీని ఎవరు నింపుతారు? దానికి ముందు ఏ పోచా లేదు, పాలిమరేజ్ అక్కడ మొదలుపెట్టలేదు. కనుక ప్రతి విభజనకూ క్రోమోజోము చివర కొంచెం కురచ అవుతుంది. 1971లో అలెక్సీ ఒలోవ్‌నికోవ్, 1972లో వాట్సన్ ఈ సమస్యను వేర్వేరుగా గుర్తించారు. చూశారా, అదే రెండు పరిమితులు, అదే మూల్యం, క్రోమోజోము చివరి దాకా వచ్చింది. కణం ఆ చివరలలో టెలోమియర్లనే పునరావృత భాగాలను ఉంచి, ముఖ్యమైన జన్యువులకు బదులు వాటిని కోల్పోతుంది. 1984లో కరోల్ గ్రైడర్, ఎలిజబెత్ బ్లాక్‌బర్న్ టెట్రాహైమినా అనే ఏకకణ జీవిలో, ఆ చివరలను తిరిగి పెంచే టెలోమరేజ్‌ను కనుగొన్నారు; 2009లో జాక్ జోస్టాక్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకున్నారు. ఈ ఎంజైము తనకు కావలసిన మూసను, ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏ రూపంలో, తనలోనే ఉంచుకుంటుంది. మన బీజకణాల వంశక్రమంలో అది చురుకుగా ఉంటుంది. చాలా శరీర కణాలలో దాదాపు నిద్రాణంగా ఉంటుంది. క్యాన్సర్ కణితులలో పది వంతులలో దాదాపు తొమ్మిది వంతులు దానిని మళ్లీ మేలుకొలుపుకుంటాయి. దానిని ఆపి క్యాన్సర్‌కు చికిత్స చేసే ప్రయత్నాలు ఇప్పుడు సాగుతున్నాయి. వాటి గురించి మీ ప్రశ్నలు ఉంటే అడగండి, నాకు తెలిసినంత మేరకు సమాధానం చెబుతాను.